ఇంటిలో పగడపు తోట: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయములు

గాజుతొట్టెలో సముద్రపు నీరు నింపి, అందు పగడములను పెంచు వేడుక నేడు నగరములందు వ్యాపించుచున్నది. సెల్‌ఫోను తెరలపై ఆ రంగులను చూచిన బాలబాలికలు మమ్ములను తఱచుగా ప్రశ్నించుచున్నారు. కొందఱు తల్లిదండ్రులు సైతము, “పిల్లవాడు పట్టుపట్టినాడు. అట్టిది మన యింట అమర్చవచ్చునా?” అని అడిగిరి. “వలదు” అని ఒక్కమాటలో చెప్పుట సులభమే. కాని కారణము చెప్పని నిషేధము బాలుని జిజ్ఞాసను చంపును. లెక్క చెప్పని అనుమతి తండ్రి ధనమును, మూగజీవుల ప్రాణమును హరించును. కావున ఈ విషయమును మొదటినుండి విచారింతము.

పగడమనగా నేమి?

మన స్త్రీలు మంగళసూత్రమునకు గ్రుచ్చుకొను పగడమును ఎఱుగనివారు లేరు. తమిళులు దీనిని పవళమందురు, సంస్కృతమున ప్రవాళము. అయితే ఆభరణములకు వాడు ఎఱ్ఱపగడము వేఱు, వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టు రాతిపగడము వేఱు. రెండును జంతువులే. పూర్వులు వీనిని రాళ్లనియు, మొక్కలనియు తలచిరి. జంతువులని 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పెయిసోనెల్ గుర్తించెను.

ఒక్కొక్క పగడపు జీవి చిన్న సంచివలె నుండి, నోటిచుట్టు మీసములవంటి తంతువులు కలిగియుండును. అది సముద్రజలమునుండి సున్నపు పదార్థమును గ్రహించి తనక్రింద రాతిగూడు కట్టుకొనును. దాని కణములలో కంటికి కనబడని శైవలములు కాపురముండును. ఇవి సూర్యకాంతిచే ఆహారము తయారుచేసి, అందు అధికభాగమును పగడమునకిచ్చును. పగడము వానికి ఆశ్రయమిచ్చును. నీరు మితిమీఱి వేడెక్కినచో ఈ స్నేహము చెడి, శైవలములు వెడలిపోవును. పగడము తెల్లబడి, ఆ స్థితి కొనసాగినచో ఆకలితో మరణించును. ఇంటి తొట్టెను గూర్చిన నియమములన్నియు ఈ ఒక్క సంగతినుండియే పుట్టుచున్నవి.

పూర్వ ప్రయత్నములు

1846లో ఆనా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమునుండి కొన్ని చిన్న పగడములను లండనుకు తెచ్చి పెంచెను. నీటిలో గాలి కలియుటకై పనికత్తె ప్రతిదినము ఆ నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి పోయుచుండెడిది. 1847లో ఆమె సముద్రపు మొక్కలను కూడ చేర్చెను. 1961లో జకార్తా నివాసియగు లీ చిన్ ఎంగ్, సముద్రపు రాళ్లును వానినంటియున్న సూక్ష్మజీవులును నీటిని శుభ్రపఱచునని వ్రాసి ప్రకటించెను. అటు పిమ్మట బెర్లిన్ నగరమందలి ఔత్సాహికులు దీనికి బలమైన దీపములను, నురుగుతో మాలిన్యమును తీయు యంత్రమును జోడించిరి. నేటి పద్ధతి వీరి కృషి ఫలమే.

తొట్టె, దాని బరువు

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుగల తొట్టెను ఉదాహరణముగా తీసికొందము. దాని ఘనపరిమాణము 24 ఘనపుటడుగులు, అనగా సుమారు 680 లీటర్లు. ఉప్పునీరు మంచినీటికంటె బరువు గనుక నీరే దాదాపు 700 కిలోలు. 12 మిల్లీమీటర్ల గాజు మఱి 120 కిలోలు. బల్లను కూడ కలుపగా మొత్తము 900 కిలోలకు చేరును. ఈ బరువంతయు సుమారు 1.1 చదరపు మీటర్ల నేలపై నిలుచును. నివాసగృహముల అంతస్తులను సాధారణముగా చదరపు మీటరుకు 200 కిలోల భారమునకు లెక్కకట్టుదురు. ఇచట పడునది దానికి నాలుగు రెట్లు! కావున మేడమీద ఉండువారు ఇంజనీరును సంప్రదింపక ఇట్టి తొట్టెను నిలుపరాదు. నేలపై కట్టిన గదియే క్షేమము.

నీరు, ఉప్పు

సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. మన తొట్టెకు దాదాపు 24 కిలోల లవణము కావలెను. వంటయింటి ఉప్పు పనికిరాదు. మెగ్నీషియము, కాల్షియము మున్నగునవి తగు పాళ్లలో కలిపిన సముద్రలవణమునే వాడవలెను. మన పట్టణములందలి బోరునీటిని కాని, కుళాయినీటిని కాని నేరుగా పోయరాదు, ఆర్.ఓ. యంత్రముచే వడకట్టి, మిగిలిన లవణములను కూడ తొలగించిన నీరు కావలెను. నీరు ఆవిరియగునపుడు ఉప్పు ఆవిరికాదు. కావున ప్రతిదినము తగ్గిన మేరకు శుద్ధమైన మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసినచో ఉప్పదనము దినదినము పెరుగును.

కనబడని పనివారు

చేపల మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. అది విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, వేఱొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటును హానికరమే, నైట్రేటు కొంత సహ్యము. ఈ పనివారు రాళ్లపై స్థిరపడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు తొట్టెలో ఏ ప్రాణిని విడువరాదు. అమోనియా, నైట్రైటు రెండును సున్న యైనవని పరీక్షాద్రావణములు చూపిన పిమ్మటనే మొదటి చేపను తేవలెను. నీటితొట్టె నెలకొల్పుటలో మొదటి పాఠము ఓర్పు.

వెలుతురు, వేడిమి, ప్రవాహము

పగడములోని శైవలములకు దినమునకు ఎనిమిది, తొమ్మిది గంటల బలమైన వెలుతురు కావలెను. దీనికి ఎల్.ఇ.డి. దీపములు చాలును. వేడిమి 24 మొదలు 27 సెంటిగ్రేడు డిగ్రీలలో నిలుకడగా నుండవలెను. మన మండు వేసవిలో నీటిని చల్లబఱచు చిల్లరు లేక ఇది సాధ్యము కాదు. నీరు ఎల్లప్పుడు అలలవలె కదలుచుండవలెను. విద్యుత్తు పోయినచో ప్రవాహము నిలిచి, ప్రాణవాయువు తగ్గి, కొన్ని గంటలలోనే నష్టము కలుగవచ్చును. బ్యాటరీతో నడచు గాలిపంపు ఇంట సిద్ధముగా నుండవలెను.

కరెంటు ఖర్చును లెక్కింతము. రాత్రింబవళ్లు తిరుగు పంపులన్నియు కలిసి 125 వాట్లయినచో దినమునకు 3 యూనిట్లు. 250 వాట్ల దీపము 8 గంటలు వెలిగిన 2 యూనిట్లు. 375 వాట్ల చిల్లరు 8 గంటలు పనిచేసిన 3 యూనిట్లు. వెరసి 8, నెలకు 240 యూనిట్లు. గృహస్థు తన బిల్లుపై ఈ అంకెను కలిపి చూచుకొనవలెను.

సున్నము

పగడము ఎదుగుకొలది నీటిలోని కాల్షియము తగ్గును. దీనిని లీటరుకు 400 మొదలు 450 మిల్లీగ్రాములలోను, క్షారతను 8 లేక 9 జర్మను డిగ్రీలలోను, మెగ్నీషియమును సుమారు 1,300 మిల్లీగ్రాములలోను నిలుపవలెను. ఈ లోటు తీర్చు పద్ధతులలో ఒకటి మనవారెఱిగిన సున్నపుతేటయే. లీటరు శుద్ధజలమున సుమారు ఒకటిన్నర గ్రాముల శుద్ధమైన సున్నము కరగును. ఆ తేటను రాత్రివేళ చుక్కచుక్కగా విడువవలెను. ఒక్కసారిగా పోసినచో దాని తీక్ష్ణతకు జీవులు నశించును. తాంబూలపు సున్నము ఇందుకు తగదు.

ఇవికాక ప్రతిదినము వేడిమిని, ఉప్పదనమును చూచుట, గాజు తుడుచుట, వారమునకొకసారి పరీక్షలు చేసి పదవవంతు నీటిని మార్చుట తప్పనిసరి. పదవవంతనగా 68 లీటర్లు, 2.4 కిలోల లవణము.

చట్టము, ధర్మము

రామేశ్వరము మొదలు తూత్తుకుడివఱకు వ్యాపించిన మన్నారు సింధుశాఖలోని 21 దీవులు 1986లో జాతీయ సముద్ర ఉద్యానముగా ప్రకటింపబడినవి. ఒకప్పుడు అచటి పగడపు దిబ్బలను సున్నపు బట్టీలకై త్రవ్వి తీసికొనిరి. అవి చాలక 2010, 2016 సంవత్సరములలో నీరు వేడెక్కి పగడములు తెల్లబడెను. ప్రపంచమంతట ఇట్టి విపత్తు నాలుగవసారి సంభవించినదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

రాతిపగడములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. అనగా పులికిచ్చిన రక్షణయే వీనికిని కలదు. బ్రదికినవైనను, తీరమున ఎండిపడియున్న ముక్కలైనను, దిబ్బనుండి తీసిన రాయి యైనను, తెచ్చుటయు, అమ్ముటయు నేరము. రామేశ్వర యాత్రకు పోయిన పిల్లలు జ్ఞాపకార్థము ఏరుకొని రాకుండ పెద్దలు చూడవలెను. “విదేశమునుండి వచ్చినది” అని వర్తకుడు చెప్పినంత మాత్రమున చాలదు. 2022 సవరణ తరువాత, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని జీవులను ఉంచుకొనువారు వానిని నమోదు చేయించవలసియున్నది. కొనుటకు ముందుగనే అటవీశాఖవారిని అడిగి, పత్రములు చూచుకొనవలెను.

మా సలహా

పండ్రెండేండ్ల బాలుడు కోరిన తొట్టె అతడు పైచదువులకు పొరుగూరు వెడలునాటికిని బ్రదికియుండును. కోనాములు పూని సంరక్షించినచో కొన్ని చేపలే పదేండ్లకు పైగా జీవించును. అప్పుడు ఆ తొట్టెకు కాపరి ఎవరు? సాధారణముగా తల్లియే. కావున ఆమె సమ్మతి లేక ఇట్టి పని ఆరంభింపకుడు.

మొదటి సంవత్సరము చిన్న మంచినీటి తొట్టెనుంచి, వేడిమి, నీటి మార్పు, మేత మున్నగునవి ప్రతిదినము తెలుగులో ఒక పుస్తకమున వ్రాయింపుడు. ఏడాదిపాటు ఆ పుస్తకమున ఖాళీపుట లేకున్నచో, రెండవ మెట్టుగా చిన్న ఉప్పునీటి తొట్టె పెట్టవచ్చును. అందు మనుష్యులు చేసిన రాళ్లను, సముద్రమునుండి పట్టినవి గాక పెంపకకేంద్రములలో పుట్టిన క్లౌను చేపలను ఉంచవచ్చును. వీనిని పుట్టించు విధానమును మండపము మున్నగు చోట్ల మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారే రూపొందించియున్నారు. ఆ మెట్టును కూడ దాటిన వానికి పగడపు తోటను గూర్చి ఆలోచించు అర్హత కలుగును.

పుస్తకము నడుమనే ఆగిపోయినను చింతింప పనిలేదు. ఒక సముద్రమును ఇంట నిలుపుటకు ఇంత శ్రమ కావలెనని తెలిసిన బాలుడు, ఎవ్వరి శ్రమయు లేక మన తీరమున నిలిచియున్న ఆ పగడపు దిబ్బల విలువను ఎఱుగును. ఆ ఎఱుక మన పిల్లలకు మాతృభాషలోనే కలుగునట్లు చూచుట మనయందఱి బాధ్యత.