పొగగొట్టంలోని తేనెపట్టు

ఇంజను జోరు పెంచాలని కొందరు కారు పొగగొట్టంలోని డబ్బాను కోయించి తీసేస్తారు. పెద్దతిప్పసముద్రం నుంచి మదనపల్లెకు పోయే దారిలో అలాంటి కారు మీ పక్కనుంచే పోయినా చప్పుడునుబట్టి పోల్చుకోగలరేమో గాని పొగనుబట్టి పోల్చలేరు. చిక్కంతా అక్కడే!

ఆ డబ్బాలో తేనెపట్టులాగా సన్నని గదులున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. గదుల గోడలకు ప్లాటినం, పెల్లేడియం, రోడియం లోహాల పలుచని పూత. ఆక్సిజన్ తయారుచేసేటప్పుడు పొటాషియం క్లోరేట్‌కు మాంగనీస్ డయాక్సైడ్ కలుపుతాం కదా? అది ఉత్ప్రేరకం. ఈ లోహాలూ అంతే. చర్యను త్వరపరుస్తాయి, తాము ఖర్చుకావు. వీటిమీద కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్‌లు నైట్రోజన్‌గా మారుతాయి. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి కూడా ఇక్కడే కాలిపోతుంది. అయితే డబ్బా సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాలి. చలి ఉదయాన బండి తీసిన మొదటి నిమిషంలో అది ఉన్నా లేనట్టే.

సీసం ఈ పూతను పాడుచేస్తుంది. అందుకే 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఈ డబ్బా తప్పనిసరి చేసినప్పుడు, సీసం లేని పెట్రోలునూ అక్కడ అమ్మసాగారు. 2000లో అది దేశమంతటికీ వచ్చింది.

డబ్బా తీసేస్తే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా బయటికే. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో ఇంజను నడుస్తుంటే ముందు తలనొప్పి, తర్వాత మగత, ఆపైన స్పృహ తప్పడం. తలనొప్పి అనిపించగానే మీరు బయటికి పరుగెత్తండి. ఇంజను సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు.