పౌరహక్కుల తొలి శాసనములు

కోనసీమ శిరోభాగమున, ధవళేశ్వరపు ఆనకట్టకు చేరువగా ఆత్రేయపురము కలదు. 1852లో ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పారి ఈ సీమ సస్యశ్యామలమైనది. నీటికి కొదువ లేదు. కాని ఊరి చెరువులో కడవ ముంచుకొను హక్కు అందరకును లేకుండెను. ఆంధ్రదేశమున పెక్కు గ్రామములలో అంటరానివారనబడినవారు గట్టునకు దూరముగా నిలిచి, ఇతరులు దయతలచి పోసిన నీటిని తీసికొనవలసి వచ్చెడిది. దయ వేరు, హక్కు వేరు. హక్కునకు శాసనము కావలెను.

ఆ కాలమున గోదావరి మండలము మదరాసు రాజధానిలో చేరియుండెను. 1916లో వెలసిన జస్టిసు పక్షము 1920 ఎన్నికలలో గెలిచి మంత్రివర్గము నేర్పరచెను. పానగల్లు రాజా మంత్రిత్వమున, 1924లో, ఆర్. వీరయ్యన్ అను సభ్యుడు బాటలు, బావులు, చెరువులు అందరకును తెరువవలెనని శాసనమండలిలో తీర్మానము ప్రతిపాదించెను. సభ ఆమోదించెను, ప్రభుత్వము ఉత్తరువు వెలువరించెను. అయినను తీర్మానము సభ పలికిన మాటయే కాని శాసనము కాదు. రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్న తన రచనలతో ఈ అన్యాయమును లోకమునకు చాటుచుండెను.

1937లో కాంగ్రెసు పక్షము అధికారమునకు వచ్చెను. మరుసటి సంవత్సరము ఎం. సి. రాజా పౌర అనర్హతల నివారణ బిల్లును తెచ్చెను. ఈయన పూర్వము జస్టిసు పక్షమున నుండి, వెలుపలికి వచ్చినవాడు. రాజగోపాలాచారి ప్రభుత్వము తోడ్పడగా బిల్లు శాసనమయ్యెను. ప్రజాధనముతో నడచు బావులు, చెరువులు, బాటలు, వాహనములనుండి ఎవరినైనను కులకారణమున అడ్డగించుట నేరమయ్యెను. అట్టి ఆచారమును న్యాయస్థానములు గుర్తింపరాదని నిర్ణయమయ్యెను.

ఆ సంవత్సరమే రాజా తెచ్చిన ఆలయప్రవేశపు బిల్లు మాత్రము ఆ సభలోనే వీగిపోయెను. చెరువువద్ద అంగీకరించిన సమత్వమును గుడివాకిట అంగీకరించుటకు పాలకపక్షము జంకెను. ఆయన ఏ పక్షమునకును తన కోరికను తాకట్టుపెట్టలేదు. 1939లో పరిమితముగను, 1947లో విస్తృతముగను ఆలయప్రవేశ శాసనములు వచ్చెను.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో దానికి శిక్షలు విధించు చట్టము వెలువడెను. 1976లో ఆ చట్టమునకే పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు వచ్చెను.

2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఆత్రేయపురము చేరినది. ఆ జిల్లా నేడు రాజ్యాంగ రచనా సంఘాధ్యక్షుడు డాక్టర్ అంబేడ్కరు పేర వెలయుచున్నది. పక్షములు వచ్చును, పోవును. శాసనము నిలుచును. అది కాగితమున నిలుచుట చాలదు, చెరువుగట్టున నిలువవలెను. అందుకు పొరుగువాని హక్కును తన హక్కువలె ఎంచు పౌరులు కావలెను.