సైన్యంలో సైన్సు చదువు

పిల్లలూ! మలికిపురం సముద్రానికి దగ్గరి పల్లపు నేల. అక్కడి కొబ్బరితోటలో వాతావరణ పీడనం సుమారు 76 సెంటీమీటర్ల పాదరస మట్టానికి సమానం. అయిదున్నర కిలోమీటర్ల ఎత్తుకు పోతే అది సగమవుతుంది. గాలిలో ఆక్సిజన్ పాలు మాత్రం అక్కడా నూటికి 21 వంతులే! మరి ఊపిరి ఎందుకు చాలదు? పీడనం తగ్గినందువల్ల ఒక్కొక్క శ్వాసలో లోపలికి చేరే ఆక్సిజన్ అణువులు సుమారు సగమైపోతాయి. మెదడు మందగిస్తుంది. చిత్రమేమంటే, ఆ సంగతి విమానం నడిపేవారికి తెలియకపోవచ్చు. పైగా మహా హుషారుగా ఉన్నట్లు తోస్తుంది!

యుద్ధవిమానం వేగంగా మలుపు తిరిగినప్పుడు ఇంకొక చిక్కు. నీళ్ళ చెంబును గిరగిరా తిప్పితే నీరు అడుగుకు అదిమినట్లు ఉండి ఒలకదు కదా! అలాగే రక్తం కాళ్ళవైపు దిగిపోయి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. అందుకే పైలట్లు కాళ్ళను, పొట్టను గాలితో బిగించే దుస్తులు ధరిస్తారు.

ఇటువంటి విషయాలను పరిశీలించేది వైమానిక వైద్యశాస్త్రం. అందులో నిపుణురాలు డాక్టర్ పద్మావతి బందోపాధ్యాయ్. ఆమె 1944లో తిరుపతిలో పుట్టారు. స్కూలులో చదివింది ఆర్ట్స్. తరువాత సైన్సుకు మారి, 1963లో పూనాలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చేరారు. (అలా మారడం ఎంత కష్టమో మీ లెక్కల మాస్టారిని అడగండి.) 1968లో వైమానిక దళంలో ప్రవేశించి, 2004లో ఎయిర్ మార్షల్ అయ్యారు. మన వైమానిక దళంలో ఆ హోదా పొందిన తొలి మహిళ ఆమే.

ఆమె చేరిన రోజుల్లో స్త్రీలకు సైన్యంలో ఉన్న దారి వైద్యం, నర్సింగు మాత్రమే. ఇతర శాఖలు 1992 నుంచి కొద్దికొద్దిగా తెరుచుకొన్నాయి. 2016లో తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా దుండిగల్‌లో నియమితులైన ముగ్గురూ ఇంజనీరింగు చదివినవారే.

పూనా దగ్గర ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ మాత్రం అమ్మాయిలను చేర్చుకోలేదు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2022లో తొలి జట్టు చేరింది. వారిలో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించారు. అక్కడ చదువు ఖర్చు ప్రభుత్వానిదే. డిగ్రీని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఇస్తుంది.

పదవ తరగతి అమ్మాయిలకు ఇక్కడే ఒక లెక్క ఉంది. ఈ అకాడమీలో వైమానిక, నౌకాదళ విభాగాలకు ఇంటర్‌లో ఎం.పి.సి. ఉండాలి. పదాతి దళానికి ఏ గ్రూపయినా సరే. కాని వ్రాతపరీక్షలో 900 మార్కులకు 300 లెక్కలవే! బై.పి.సి. వారికి పూనా వైద్య కళాశాల ఉంది. రెండుచోట్లా అమ్మాయిలకు కేటాయించే స్థానాలు అబ్బాయిలకంటే బాగా తక్కువ. ఇది నాకు సబబుగా తోచదు.