మేధో వైకల్యము గల బిడ్డలు – తల్లిదండ్రుల మనోభారము

ఉగాదికి కుటుంబములన్నియు సంఘ మందిరమునకు వచ్చును. కొన్ని ఇండ్లనుండి మాత్రము తండ్రి ఒక్కడే వచ్చును. నలుగురి ప్రశ్నలకు వెరచి తల్లి బిడ్డతో ఇంటనే నిలిచిపోవును. అట్టివారి మనోభారమును మన మలేషియా తెలుగువారందరు గుర్తింపవలసియున్నది.

మేధో వైకల్యమనగా నేర్చుకొనుట, ఆలోచించుట, తన పనులు తాను చేసికొనుట వయస్సునకు తగినట్లు సాగకపోవుట. ఇది పిచ్చి కాదు; పూర్వజన్మ పాపఫలమును కాదు. డౌన్ సిండ్రోమునకు కారణము అదనపు 21వ క్రోమోజోమని 1959లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ప్రసవ సమయమున ప్రాణవాయువు చాలకపోవుట, పుట్టుకతోనే థైరాయిడ్ లోపముండుట, మెదడువాపు మొదలగునవి ఇతర కారణములు. కొందరి విషయమున కారణమే తెలియదు. కావున తల్లిని నిందించుట అన్యాయము.

తల్లిదండ్రులను క్రుంగదీయునది బిడ్డ లోపముకంటె విరామమెరుగని ఒంటరి సంరక్షణయే. నిద్రలేమి, చిరాకు, దంపతుల నడుమ కలహము, బంధువులకు దూరమగుట దాని గుర్తులు. "మా తదనంతరము వీనికి దిక్కెవరు?" అను చింత అన్నిటికంటె పెద్దది.

తోటల లైన్ ఇండ్లలో తలుపు తీసిన పొరుగువారుండిరి. పట్టణపు ఫ్లాట్లకు చేరిన పిమ్మట ఆ చేయూత సడలినది. దానిని మరల కల్పించుకొనవలెను. అందుకు చేయదగినవి:

1. సాంఘిక సంక్షేమ శాఖలో బిడ్డ పేరు నమోదు చేయించి ఓకేయూ కార్డు పొందవలెను. 2008 నాటి వికలాంగుల చట్టము ఈ నమోదునకు ఆధారము. 1984లో తెరెంగాను రాష్ట్రపు బాతు రాకిత్‌లో ఆరంభమైన సమాజ పునరావాస పథకము నేడు పి.డి.కె. కేంద్రములుగా దేశమంతట వ్యాపించినది. సమీప కేంద్రమును విచారింపవలెను.

2. ప్రతి పనిని చిన్న మెట్లుగా విభజించి నేర్పవలెను. చొక్కా తొడుగుకొనుటలో మొదట ఒక చేయి దూర్చుట చాలును. చేసిన వెంటనే మెచ్చుకొనవలెను.

3. సంరక్షణలో భార్యాభర్తలు వంతులు వేసికొనవలెను. తోబుట్టువుల చదువు, ఆటలు కుంటుపడనీయరాదు.

4. రెండు వారములైనను దిగులు వీడనిచో తల్లిగాని తండ్రిగాని వైద్యుని సంప్రదింపవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు.

5. బిడ్డ ఆహారము, మందులు, ఇష్టములు, భయములు ఒక పుస్తకమున వ్రాసి, పిన్నిగాని మేనమామగాని చేతికిచ్చి అలవాటు చేయవలెను.

బంధువులారా! వారమునకు రెండు గంటలు ఆ బిడ్డను మీరు చూచుకొనినచో తల్లి నిశ్చింతగా నిద్రింపగలదు. "మా తదనంతరము ఎవరు?" అను ప్రశ్నకు ఉత్తరము ఆ రెండు గంటలలోనే మొదలగును.