గుండ్రం ఆట – ఒకవైపు కుర్చీలు

పోయిన నెల మన బడి నుంచి పన్నెండు మంది ఆడపిల్లలం థింసా ఆడటానికి హైదరాబాదు పోయినం. ఆట రవీంద్రభారతిలో. రానివాళ్ళు "ఎట్లుంటది, సినిమా హాలు లెక్క ఉంటదా?" అని రోజూ అడుగుతున్నారు. సోషల్ సార్ "గోడపత్రికకు రాయి, అందరూ చదువుతారు" అన్నారు.

మనం ప్రార్థనలో పాడే జనగణమన రాసిన రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు మీద కట్టిన నాటకశాల ఇది. ఆయన 1861లో పుట్టారు. నూరేళ్ళు నిండినందుకు 1961లో దీన్ని ప్రారంభించారు. నక్షా గీసినవారు మహమ్మద్ ఫయాజుద్దీన్.

పొద్దున సార్ మమ్మల్ని చుట్టుపక్కల తిప్పారు. దగ్గరలోనే అసెంబ్లీ. తెల్లగా, గుమ్మటాలతో ఉంటుంది. గేటు బయటి నుంచే చూశాం. ముందు అది టౌన్ హాలట. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గౌరవార్థం జనం చందాలు వేసుకొని కట్టించారు. 1905లో పునాది వేస్తే 1913లో పూర్తయింది. రాజు కోసం జనం చందాలు వేయడం నాకు వింతగా అనిపించింది. మా ఊళ్ళో చందాలు దండారికి వేస్తం. అసెంబ్లీ ఎదుట గన్ పార్కులో 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ళ స్తూపం ఉంది. వాళ్ళలో చాలామంది విద్యార్థులే అని సార్ చెప్పారు. అక్కడ మాలో ఎవరం మాట్లాడలేదు. పబ్లిక్ గార్డెన్స్‌లో జూబిలీ హాలు కూడా చూశాం. 1937లో ఏడో నిజాం రజతోత్సవం అక్కడే జరిగింది.

ఇక లోపలి సంగతి. కుర్చీల వరుసలు వెనక్కి పోయేకొద్దీ ఎత్తవుతయ్. ముందున్నవాళ్ళ తల అడ్డం రాకుండా అట్ల కడతారు. వేదికకు రెండు పక్కల గుడ్డలు వేలాడుతుంటయ్, వాటిని వింగ్స్ అంటారు. మన వంతు వచ్చేదాకా వాటి చాటున నిలబడాలి. లైట్లు వేస్తే ఎదుట ఉన్నవాళ్ళు ఎవరూ కనబడరు, చీకట్లోంచి దగ్గు మాత్రం వినబడుతుంది!

కష్టం రిహార్సల్‌లో వచ్చింది. థింసా గుండ్రంగా ఆడతం కదా. ఊళ్ళో జనం చుట్టూ నిలబడతారు, ఎటు నుంచి చూసినా కొందరి ముఖాలు కనబడతయ్. ఇక్కడ జనమంతా ఒక్కవైపే. చూస్తున్న ఒకాయన "వీపులు కనబడుతున్నాయి, వరుసగా నిలబడండి" అన్నారు. నిలబడ్డం. రెండో దరువుకే అడుగులు తప్పినయ్. ఎందుకంటే గుండ్రంలో ఎదుటి పిల్ల కాళ్ళు చూసి అడుగేస్తం. వరుసలో ఎవరి కాళ్ళూ కనబడవు. చివరి ఇద్దరికి ఒక చెయ్యి ఖాళీగా ఉండిపోతుంది, అది ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకు తెలియలేదు. ఒకామె ఏడ్చింది. (పేరు రాయను, ఒట్టు పెట్టించుకుంది.)

మాతో వచ్చిన ధోల్ తాత చాలాసేపు ఊరుకొని, "దొడ్డికి తలుపు తీసినట్టు జనం వైపు కొంచెం తెరవండి బిడ్డా, చివరి దరువుకు మూసేయండి" అన్నాడు. అట్లనే ఆడినం. సగం చందమామ లెక్క మొదలుపెట్టి, ఆఖరున చేతులు కలిపి మూసేసినం. అప్పుడు వీపులు కనబడే ఉంటయ్. కానీ అడుగు ఒక్కటి కూడా తప్పలేదు.

మన వార్షికోత్సవానికి కూడా ఒకవైపే కుర్చీలు వేసి స్టేజి కడుతున్నారు. వార్డెన్ మేడం గారూ, ఈసారి థింసా మాత్రం మైదానం నడుమ ఆడనివ్వండి. కుర్చీలు చుట్టూ మేమే వేస్తాం, మళ్ళీ మేమే తీస్తాం.