పాతబస్తీని నడిపిస్తూ చూపించడం ఎలా?

చుట్టాలొస్తే చార్మినార్ చూపించమంటారు. మనం ఆటోలో తీసుకెళ్లి దాని ముందే దింపుతాం. ఫొటోలు దిగి, గాజులు కొని, బిర్యానీ తిని వెనక్కి వచ్చేస్తారు. చార్మినార్‌ను చూస్తారు గానీ, దాన్ని నడిబొడ్డున పెట్టుకుని గీసిన ఊరిని చూడరు. ఆ ఊరు కనిపించాలంటే ఉత్తరం నుంచి కాలినడకన రావాలి. దారి రెండు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తొలిసారి చూపించేవాళ్లు ఇలా మొదలుపెట్టవచ్చు.

ముందుగా ఏ రోజు వెళ్లాలో చూసుకోండి. శుక్రవారం వద్దు. మక్కా మసీదులో జుమ్మా నమాజు రద్దీ ఉంటుంది, చౌమహల్లా ప్యాలెస్‌కు ఆ రోజు సెలవు. ఉదయం ఎనిమిదిన్నరకల్లా బయల్దేరండి. దుకాణాలు ఇంకా తెరవరు కాబట్టి బోర్డుల కింద, సరుకుల వెనక దాక్కునే రాతిపని అప్పుడే కంటికి ఆనుతుంది. ఆరేడుగురిని మించి తీసుకెళ్లకండి, హారన్ల మధ్య మీ గొంతు చివరివాళ్లకు అందదు. సులువుగా విప్పుకునే చెప్పులు, ఆడవాళ్లకు చున్నీ, తలా ఒక నీళ్ల సీసా ఉంటే చాలు.

ఎంజీబీఎస్ మెట్రో దగ్గర దిగి నయాపూల్ మీదికి రండి. వంతెన మీద ఓ పక్కగా నిలబెట్టి మూసీ వరద గురించి చెప్పండి. 1908 సెప్టెంబర్ 28న ఈ నది వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇటు ఉస్మానియా ఆసుపత్రి, అటు హైకోర్టు ఆ వరద తర్వాత లేచినవే. ఇక్కడ అయిదు నిమిషాలు ఖర్చుపెట్టండి. ముందున్న దారిలో సగం దీనితోనే అర్థమవుతుంది.

మదీనా కూడలి దాటాక పక్క దారిలో బాద్‌షాహీ ఆషూర్ఖానా ఉంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. నా మాట విని వదలకండి. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ మందిరంలో గోడల నిండా రంగురంగుల పింగాణీ పలకల పని ఉంది, దాని మీద 1611 నాటి తేదీ ఉంది. కింది భాగంలో కొంతమేర పలకలు పోయి, వాటిని పోలిన రంగులే కనిపిస్తాయి. 1908 నీళ్లు చేసిన పని అది. పల్లెల్లో పీర్ల చావిడి చూసినవాళ్లు మీ వెంట ఉంటే, ఇక్కడి ఆలంలను (పీర్లను) వాళ్లు ఇట్టే గుర్తుపడతారు. వాళ్లనే మాట్లాడనివ్వండి. అడిగి లోపలికి వెళ్లండి, చెప్పులు బయటే విడవండి. మొహర్రం రోజుల్లో ఇది చూడటానికి వచ్చేవాళ్ల చోటు కాదు, దుఃఖించేవాళ్ల చోటు.

తర్వాత పత్తర్‌గట్టీ. వరద తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు తీర్చిన రాతి కమానుల వరస ఇది. ఇక్కడ ఉపన్యాసం అక్కర్లేదు, తలెత్తి నడవమనండి.

మచ్లీ కమాను కింద నుంచి రాగానే గుల్జార్ హౌజ్ దగ్గర ఆగండి. ఈ నడకలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. ట్రాఫిక్ చూసుకుని నిలబెట్టి, నెమ్మదిగా చుట్టూ తిరగమనండి. నాలుగు దిక్కులా నాలుగు కమానులు. తూర్పున కాలీ కమాను. పడమటిది సెహర్-ఎ-బాతిల్ కమాను, ఒకప్పుడు కుతుబ్ షాహీల రాజభవనానికి దారి. ఆ భవనాలు ఇప్పుడు లేవు. దక్షిణపు కమానులోంచి చూస్తే చార్మినార్. పేష్వా (ప్రధాని) మీర్ మోమిన్ అస్త్రాబాదీ వేసిన ఊరి పథకం ఇక్కడ కాళ్ల కిందే ఉంది. ఆటోలో వచ్చినవాళ్లకు దొరకనిది ఇదే.

ఇప్పుడు చార్మినార్‌కు నడవండి. 1591లో, అంటే హిజ్రీ వెయ్యో సంవత్సరం దగ్గరపడిన వేళ మొదలైన కట్టడం. కథలు ఇక్కడే ఎక్కువ: ప్లేగు తగ్గినందుకు కట్టారని, రాజు ప్రియురాలు భాగమతి కోసం ఊరే వెలిసిందని, గోల్కొండ దాకా సొరంగం ఉందని. కథలు చెప్పండి, కానీ 'అంటారు' అని చెప్పండి. పిల్లలు సొరంగం ఎక్కడని అడిగితే, ఎవరూ చూపించలేదని నిజమే చెప్పండి. టికెట్ తీసుకుని మెట్లెక్కితే గుల్జార్ హౌజ్ దగ్గర చెప్పిన ఊరి పథకం పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను కిందే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల దగ్గర కూర్చోబెట్టండి.

పదకొండు దాటాక లాడ్ బజార్ తెరుచుకుంటుంది. బేరానికి ముందు పని చూపించండి. లక్కను నిప్పుల సెగ మీద మెత్తబరిచి, గుండ్రంగా తిప్పి, వేడి ఆరకముందే అద్దాలు, రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చేతులను చూశాక చాలామందికి గీచిగీచి బేరమాడబుద్ధి కాదు. ఫొటో తీసేముందు మాత్రం అడగండి.

మక్కా మసీదు పునాది 1617 ప్రాంతంలో పడింది, 1694లో ఔరంగజేబు హయాంలో ముగించారు. కుతుబ్ షాహీలు మొదలుపెట్టినది, వాళ్ల రాజ్యాన్ని కూల్చినవాడి కాలంలో పూర్తయిందన్నమాట. ఆవరణలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం వరకు పాలకుల సమాధులున్నాయి. నమాజు వేళ అయితే బయటే ఆగండి.

చివరగా ఖిల్వత్ దారిలో చౌమహల్లా. ఇక్కడ మీ వివరణ ఆపేయండి. ఎండ ముదిరి, కాళ్లు పీకుతుంటాయి. టికెట్లు చేతికిచ్చి దర్బారు హాలు, షాండ్లియర్లు, పాత కార్లు తమకు తోచినట్టు చూసుకోమనండి. 1578 నాటి పురానాపూల్ కూడా చూస్తామని ఎవరైనా అంటే, అది మరో రోజు నడక.