కనిపించని కప్పు

తెలుగు నుడికారంలో అటకకు గౌరవం తక్కువ. ఒక పనిని పట్టించుకోక వదిలివేస్తే దానిని ‘అటకెక్కించారు’ అంటారు. పాతకాలపు పెంకుటిళ్లలో దూలాలమీద పలకలు పరచి కట్టిన అటకపై పెద్ద పెద్ద వంటపాత్రలు, జాడీలు, తాళపత్రాల కట్టలు ఉండేవి. నిచ్చెన వేసుకొని అక్కడికి ఎక్కే అవసరం ఏడాదికి ఒకటి రెండుసార్లే కలిగేది. అయినా వాసానికి చెద పట్టినదీ, పెంకు జరిగినదీ మొదట తెలిసేది అక్కడే.

చర్చి భవనాలలో ఈ అటక మరింత గూఢమైనది. ఆరాధనకు వచ్చినవారికి నున్నగా తీర్చిన లోకప్పు మాత్రమే కనిపిస్తుంది. దానికీ, ఎండవానలను భరించే పైకప్పుకూ నడుమ మనిషి వంగి నడవగల చీకటి చోటు ఉంటుంది. కప్పు బరువును గోడలకు పంచే ట్రస్సులు, విద్యుత్తు తీగలు, వేడిగాలి వెలుపలికి పోయే గవాక్షాలు అన్నీ అక్కడే.

చీరాల, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పల్లెలలో చిన్న చర్చిని సంఘస్థులే శ్రమదానంతో కట్టుకోవడం కద్దు. పగలు కూలికి వెళ్లి వచ్చినవారు సాయంకాలం ఇటుకలు అందిస్తారు. స్త్రీలు ఇసుక జల్లిస్తారు. మెదక్ కథ వేరు. అక్కడ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందిన మహాదేవాలయం కరవు కాలంలో ఆకలిగొన్నవారికి పని కల్పించి అన్నం పెట్టింది. శ్రమదానమైనా కూలి అయినా ఒక విషయం సమానం. శిలాఫలకంపై దాతల పేర్లు ఉంటాయి. అటకలో పనిచేసినవాని పేరు ఎక్కడా ఉండదు. రేకుల కింద మధ్యాహ్నం నిలువలేని వేడి కనుక ఆ పని తెల్లవారుజామునే సాగాలి. మేకు వంకరగా దిగినా చూసేవారు లేరు. సేవకుని శ్రద్ధకు అసలైన పరీక్ష ఆ చీకటిలోనే. అయితే శ్రద్ధ ఒక్కటే చాలదు. పని తెలిసిన వడ్రంగి పక్కన లేనిచో ఎంతటి సద్భావమైనా కప్పును కాపాడలేదు.

ఈ తీరంలో అది ప్రాణాలకు సంబంధించిన మాట. 1977 నవంబరు 19న చీరాల సమీపంలో తీరం దాటిన తుపాను దివిసీమను ఉప్పెనతో ముంచెత్తింది. మరణించినవారు సుమారు పదివేల మంది అని అధికారిక లెక్క. ఇంకా ఎక్కువే అని అనేకుల అంచనా. బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకొన్న దాదాపు నూరుగురు ఆ భవనం కూలి మరణించారని నాటి వార్తలు తెలిపాయి. ఆపదలో జనం పరుగెత్తేది ఊరిలోని పెద్ద కట్టడానికే. కాబట్టి దానిని కట్టేవారు తమకు తెలియకుండానే ఒక మాట ఇచ్చినవారవుతారు.

కప్పు బరువు కిందికే పనిచేస్తుందని సామాన్యుల భావన. పెనుగాలిలో జరిగేది దీనికి విరుద్ధం. కప్పుమీదుగా వేగంగా సాగే గాలి దానిని పైకి పీలుస్తుంది. కిటికీ ఒకటి పగిలితే లోపలికి చొరబడిన గాలి కింది నుండి నెడుతుంది. చూరు అంచులవద్ద ఈ లాగుడు మరీ ఎక్కువ. కప్పు లేచిపోతే గోడలకు పైన ఆధారం ఉండదు. నడుమ అడ్డుగోడలు లేని పొడవైన చర్చిశాలలో ఆ గోడలు ఒరగడం మరింత సులభం. అందుకే ట్రస్సును గోడపై ఊరికే నిలపకూడదు. గోడల తలపై చుట్టూ పోసిన కాంక్రీటు పట్టీకి ఇనుప బోల్టులతో బంధించాలి. ఆ పట్టీని పునాది వరకు దిగిన కడ్డీలతో కలపాలి. ఈ బంధనాలలో ఎక్కువభాగం అటకలోకి ఎక్కితే తప్ప కనిపించవు.

మరుగున ఉన్న ఇటువంటి పని విలువ పారిస్ నగరానికి అగ్నిప్రమాదం వల్ల తెలిసివచ్చింది. నోత్రదామ్ దేవాలయపు అటకలోని ఓక్ దూలాలు ఎంత దట్టమైనవంటే వాటిని ‘అరణ్యం’ అని పిలిచేవారు. 2019 ఏప్రిల్ 15న అవి కాలిపోయాయి. పూర్వపు పద్ధతిలో వాటిని మళ్లీ చేయడం సాధ్యమేనా అన్న సందేహం కలిగినప్పుడు, స్వచ్ఛంద వడ్రంగులు గొడ్డళ్లతో పచ్చి ఓక్ మానులను చెక్కి ఒక ట్రస్సును తయారుచేశారు. 2020 సెప్టెంబరులో దానిని ఆ దేవాలయం ముందే నిలబెట్టి చూపారు. 2024 డిసెంబరులో దేవాలయం తిరిగి తెరుచుకొన్నది. ఆ కలప మళ్లీ కంటికి కనిపించని చోటికి చేరింది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కృతఘ్నత అని సామెత. సముద్రతీరంలో మాత్రం ఆ లెక్క తప్పనిసరి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత ఉన్న బోల్టులు కూడా శాశ్వతం కావు. తుపానుల కాలానికి ముందే, అంటే సెప్టెంబరు లోపుగా, లోకప్పు తలుపు తెరచి, దీపం పట్టుకొని పైకెక్కి, ప్రతి బంధనాన్నీ తట్టి చూడాలి. సడలినవాటిని బిగించాలి, తుప్పుపట్టినవాటిని మార్చాలి. కొత్త చర్చి కట్టేటప్పుడు ఆ తలుపునూ, నడవడానికి ఒక బల్లదారినీ వదలని చోట ఈ పరీక్షకు వీలే ఉండదు.